జాగ్రత్త: ‘11 మసాలాల సీక్రెట్ మిక్స్’ అని మైదా, ఉప్పు అంటగడుతున్నారు

ఇంట్లో ఫ్రైడ్ చికెన్ చేసుకునేవాళ్లు ఒకసారి ఇది చదవండి. ‘11 మసాలాల ఒరిజినల్ సీక్రెట్ మిక్స్’, ‘అమెరికన్ స్టైల్ క్రిస్పీ చికెన్ మసాలా’ లాంటి పేర్లతో ఆన్‌లైన్‌లో చిన్న ప్యాకెట్లు అమ్ముతున్నారు. వెనకవైపు లేబుల్ ఫోటో పెట్టనివాళ్ల దగ్గర వాటిని కొనకండి. నాకు వచ్చినదాంట్లో మసాలా కన్నా మైదా, ఉప్పు, చక్కెరే ఎక్కువ. పైగా లేబుల్‌లో ఎక్కడా రాయని రంగు ఒకటి కలిపినట్టు గట్టి అనుమానం.

200 గ్రాముల ప్యాకెట్ 349 రూపాయలు. అంటే కిలో 1,745 పడింది. అమ్మే పేజీలో ఎర్రగా కరకరలాడే లెగ్ పీసుల బొమ్మ, ప్యాకెట్ ముందువైపు ఫోటో తప్ప ఇంకేమీ లేవు. ఇంటికొచ్చాక వెనక్కి తిప్పి చూస్తే పదార్థాల వరస ఇది: మైదా, ఉప్పు, కార్న్‌ఫ్లోర్, చక్కెర, అజినోమోటో, చివర్లో ‘మిశ్రమ మసాలాలు’. మన దేశంలో పదార్థాలను బరువు తగ్గే క్రమంలో రాయాలి, ఏది ఎక్కువుంటే అది ముందు. అంటే ఈ ప్యాకెట్‌లో మిరియాలు, వెల్లుల్లి, మిరప అన్నీ కలిపినా అజినోమోటో కన్నా తక్కువే. కిలో యాభై రూపాయలకు అటూ ఇటూగా దొరికే మైదాని మసాలా రేటుకి అమ్మడం ఇది.

ఇక వంట సంగతి. అడుగున రాసిన కొలతల ప్రకారమే ముక్కలకు పట్టించాం. నూనెలో వేసిన కాసేపటికే పైపూత నల్లబడింది, లోపల ఎముక దగ్గర మాంసం పచ్చిగానే ఉంది. కారణం చక్కెర. ఫ్రైడ్ చికెన్ 165 నుంచి 175 డిగ్రీల నూనెలో నిదానంగా వేగాలి. ఎముకతో ఉన్న ముక్క లోపలి దాకా ఉడకడానికి పన్నెండు, పదిహేను నిమిషాలు పడుతుంది. పూతలో చక్కెర అంత ఎక్కువుంటే అప్పటిదాకా ఆగదు, ముందే మాడుతుంది. తెలిసినవాళ్లు ఎవరూ ఇలాంటి మిక్స్‌లో చక్కెరని నాలుగో పదార్థంగా పెట్టరు. మాడిన పొడంతా రాలి నూనె కూడా పాడైంది. లీటరు నూనె పారబోయాల్సి వచ్చింది. ఉప్పయితే నోట్లో పెట్టుకోలేనంత.

అంతకన్నా టెన్షన్ పెట్టింది రంగు. కలిపిన చేతికి అంటిన ఎరుపు సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో అలాగే ఉంది. గ్లాసు నీళ్ల మీద చిటికెడు పొడి చల్లితే ఎర్రటి చారలు గబగబా కిందికి దిగాయి. అసలు మిరప్పొడి అలా చేయదు. మిరపలోని రంగు నూనెలో కరుగుతుంది, నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. అందుకే నూనె ఎర్రబడిందని కంగారు పడక్కర్లేదు, మంచి మిరప్పొడి వేసినా నూనె ఎర్రబడుతుంది. నీళ్లలో చారలు దిగితే మాత్రం అనుమానించాలి. తిండి నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు ఇంట్లో చేసుకునే పరీక్షల్లో చెప్పింది కూడా ఇదే.

ఈ పరీక్షకీ ఒక హద్దుంది. సుడాన్ రంగులని కొన్ని నూనెలోనే కరుగుతాయి, నీళ్ల గ్లాసుకి దొరకవు. వాటిని తిండిలో వాడటం నిషేధం. 2005లో బ్రిటన్‌లో సుడాన్-1 కలిసిన మిరప్పొడి ఒక సాస్‌లోకి చేరి, ఆ సాస్ వాడిన వందలాది తినుబండారాలను షాపుల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి నీళ్లలో చారలు కనిపించకపోతే ‘హమ్మయ్య, మంచిదే’ అని తేల్చేయకండి. ఖాయంగా తెలియాలంటే ల్యాబే దిక్కు.

‘కలర్ లేకుండా చికెన్ ఎట్లా?’ అని అడిగేవాళ్లుంటారు. మసాలా పొడుల్లో విడిగా రంగు కలపడానికి మన నిబంధనలు ఒప్పుకోవు. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో చికెన్, చేపల కబాబ్‌లలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది. హోటళ్లనే కట్టడి చేస్తుంటే, పిల్లల కోసం ఇంట్లో చేసుకునే తిండిలోకి ఆ రంగుని డబ్బులిచ్చి మరీ తెచ్చుకోవడం ఏంటి? ఎరుపే కావాలంటే బ్యాడగి మిరపకాయలున్నాయి, మన వరంగల్ చపాటా ఉంది. రెండింటికీ రంగెక్కువ, కారం తక్కువ. ఎండబెట్టి మిక్సీలో మెత్తగా కొట్టి జల్లించుకుంటే చాలు. గుంటూరు సన్నం ఒక్కటే వేస్తే రంగుకి సరిపడా వేసేసరికి కారం మంటెత్తిపోతుంది.

‘ఒరిజినల్ సీక్రెట్’ అనే మాట గురించి కూడా చెప్పాలి, జనం పడిపోతున్నది అక్కడే. 11 మూలికలు, మసాలాల కథ కేఎఫ్‌సీ కంపెనీ పెట్టిన హార్లాండ్ శాండర్స్‌ది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం కార్బిన్ ఊళ్లో హోటల్ నడుపుతూ ఆ మిశ్రమం తయారు చేశాడు. 1952లో సాల్ట్ లేక్ సిటీలో మొదటి ఫ్రాంచైజీ తెరిచారు. ఆ వంటకం కొలతల్ని కంపెనీ ఇప్పటిదాకా బయటపెట్టలేదు. 2016లో శాండర్స్ బంధువుల ఇంట్లో దొరికిందంటూ చికాగో ట్రిబ్యూన్ పత్రిక ఒక చేతిరాత లిస్టు అచ్చు వేసింది. అది తమదేనని కంపెనీ ఒప్పుకోలేదు. కాబట్టి ‘ఒరిజినల్’ అని ఎవరు అమ్మినా అది అబద్ధమే.

ఆ లిస్టు అసలుదో కాదో పక్కన పెడితే, అందులోని పాళ్లు చూడండి. రెండు కప్పుల మైదాకి ఉప్పుతో కలిపి దాదాపు 15 టేబుల్ స్పూన్ల మసాలాలు. పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరప్పొడి) నాలుగు, తెల్ల మిరియాల పొడి మూడు, వెల్లుల్లి ఉప్పు రెండు, మిగతావి ఒక్కోటి లేదా అంతకన్నా తక్కువ. చక్కెర ఊసే లేదు. మసాలా అంత దట్టంగా పడితేనే మందపాటి పూతలోంచి రుచి తెలుస్తుంది. ఆ పాళ్ల పక్కన ఈ 349 రూపాయల ప్యాకెట్ పెట్టి చూస్తే మోసం ఎంతో అర్థమవుతుంది.

కష్టపడి కుదుర్చుకున్న మా ఇంటి పాళ్లు ఇవీ. కిలో చికెన్‌కి 200 గ్రాముల మైదా, 50 గ్రాముల కార్న్‌ఫ్లోర్. రెండు టేబుల్ స్పూన్ల బ్యాడగి పొడి, ఒక టేబుల్ స్పూను తెల్ల మిరియాల పొడి, ఒక టీ స్పూను నల్ల మిరియాలు, రెండు టీ స్పూన్ల వెల్లుల్లి పొడి, ఒక్కో టీ స్పూను శొంఠి, ఆవపొడి. థైమ్ అనే విదేశీ మూలిక దొరక్కపోతే వాము పొడి పావు టీ స్పూను. రెండింటిలోనూ ఉండేది థైమాల్ అనే పదార్థమే కాబట్టి వాసన దగ్గరగా వస్తుంది. కానీ వాము ఎక్కువైతే చికెన్ అజీర్తి మందులా అయిపోతుంది, చెయ్యి ఆపుకోవాలి. అసలు గుట్టంతా తెల్ల మిరియాల్లో ఉందని నా గట్టి నమ్మకం. అవి లేకుండా ఎన్ని వేసినా అది కారం పకోడీ రుచే. ఉప్పుని మాత్రం పిండిలో తక్కువ వేసి, ముక్కల్ని ముందురోజు రాత్రి కిలోకి 12 గ్రాముల ఉప్పు కలిపిన చిక్కటి మజ్జిగలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మన చికెన్ షాపుల్లో అడక్కపోతే తోలు తీసేస్తారు. దీనికి తోలుతోనే ఇమ్మని చెప్పండి.

ఈ దినుసులన్నీ విడివిడిగా కొన్నా ఖర్చు ఆ ప్యాకెట్ దగ్గరికి వస్తుందేమో, కానీ ఎన్నోసార్లకు సరిపోతాయి. హైదరాబాద్‌లో ఉంటే బేగంబజార్‌లో తెల్ల మిరియాలు గింజలుగానే దొరుకుతాయి. గింజలే కొనండి. పొడిలో ఏం కలిపారో కనిపెట్టడం కష్టం. నల్ల మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారు. నీళ్లలో వేస్తే మంచి మిరియాలు మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలతాయి.

ఎలాగైనా రెడీమేడ్ మిక్సే కావాలంటే కొనే ముందే అడగండి. మసాలాల పేర్లు విడివిడిగా చెప్పకుండా ‘మిశ్రమ మసాలాలు’ అని రాసుకునే వెసులుబాటు అమ్మేవాళ్లకు ఉంది, వాళ్ల సీక్రెట్ అంతవరకే చెల్లుతుంది. మైదా, ఉప్పు, చక్కెర, అజినోమోటో, రంగులను దాచే హక్కు ఎవరికీ లేదు. గోధుమ పడని పిల్లలున్న ఇంట్లో మైదా సంగతి రాయకపోతే అది ప్రాణం మీదికి వచ్చే విషయం. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉందా చూడండి. ఇంట్లో తయారు చేసి అమ్మే చిన్నవాళ్లకూ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాల్సిందే. ఆ నంబర్‌ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఇంకా చెల్లుతుందో లేదో తెలుస్తుంది.

అమ్మినవాళ్లకు ఫోటోలతో సహా రాస్తే వచ్చిన జవాబు: ‘తినే వస్తువులకు రిటర్న్ లేదు, తర్వాతి ఆర్డర్‌కి పది శాతం కూపన్ ఇస్తాం.’ కూపన్ తీసుకోకండి. అది వాడుకుంటే గొడవ సర్దుకుపోయిందని వాళ్లే రేపు చెబుతారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కల్తీ అనుమానం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి కూడా విడిగా రాశాను, వాళ్ల ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ప్యాకెట్ ఫోటోలు పెట్టొచ్చు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ అని తేలితే ఆ ఫీజు తిరిగి ఇస్తారు. అయితే పరీక్ష చేయిస్తానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలనే షరతు ఉంది.

ఇప్పటికే ఇలాంటి ప్యాకెట్ కొనేసినవాళ్లు మిగిలిన పొడిని డబ్బాలోకి వంపుకోకండి. అదే ప్యాకెట్‌లో ఉంచి క్లిప్ పెట్టండి. బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, బిల్లు మూడూ కనిపించేలా ఫోటోలు తీసి దాచండి. తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంటే పీకకుండా అలాగే ఫోటో తీయండి. ఫిర్యాదు చేసినప్పుడు ముందు అడిగేవి ఇవే.