పెంకుల కింద గ్లాస్ వూల్: నాలుగు ఎండాకాలాల తర్వాత

మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచలో మాది నాన్న కట్టిన పెంకుటిల్లు. పైన మంగళూరు పెంకులు, ఇక్కడివాళ్ల మాటలో కవేలు. పగలంతా ఎండ మింగిన పెంకు రాత్రి దాన్ని కిందికి కక్కేది. మే నెలలో పదకొండింటికి మంచం మీద వాలినా పొయ్యి పక్కన పడుకున్నట్టే ఉండేది. పెంకులు తీసేసి స్లాబు వేయించమని చుట్టాలంతా అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, నా దగ్గర అంత డబ్బూ లేదు. అందుకే 2021లో నడింటికి, పడకగదికి లోపలి నుంచి వాలు వెంబడే సీలింగ్ కొట్టించాను.

వాసాల మధ్య 50 మిల్లీమీటర్ల గ్లాస్ వూల్ (వేడిని ఆపే గాజు దూది), దాని కింద పడకగదిలో సిమెంటు బోర్డు, నడింట్లో పీవీసీ పలకలు. సరుకంతా ప్రాణహిత వంతెన దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల నుంచి తెచ్చుకున్నాం. పని రోజుల్లో నిండు చేతుల చొక్కా, మాస్కు లేకుండా నేనొక్క పూట సాయం చేశాను. ఆ దురద మూడు రోజులు వదల్లేదు.

మేస్త్రీ మొదట దూదిని పెంకులకు ఆనేలా కుక్కాడు. నాకూ అదే బాగుందనిపించింది. మొదటి గాలివానకే పెంకుల సందుల్లోంచి జల్లు కొట్టి దూదంతా తడిసింది. తడిసిన గ్లాస్ వూల్ వేడిని ఆపదు, బరువుకు జారిపోతుంది కూడా. అదంతా పీకించి, రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) కొట్టి, పెంకుకూ దూదికీ మధ్య రెండంగుళాల ఖాళీ పెట్టించాను. చూరు దగ్గర గాలి వచ్చేలా జాలీ, పైన కొప్పు దగ్గర వేడి గాలి పోయేలా సందు. ఎలుకలు, ఉడతలు దూరకుండా ఆ జాలీ సన్నగా ఉండాలి.

ఇప్పుడు మధ్యాహ్నం నెత్తిమీద సెగ లేదు. కూలర్ ఉన్న గదిలో నిద్ర పడుతోంది. కానీ సాయంత్రం కిటికీలు తెరవకపోతే గోడల వేడి లోపలే ఉండిపోయి రాత్రికి ఉక్కపోత. ఇది నాకెవరూ చెప్పలేదు.

నడింట్లో పీవీసీ పలకలు రెండో ఎండాకాలానికే కొప్పు దగ్గర వంగాయి. సిమెంటు బోర్డు చెక్కు చెదరలేదు, జాయింట్ల దగ్గర మాత్రం సన్నటి గీతలు పడ్డాయి.

అసలు టెన్షన్ పెంకులు పగలగొట్టే కోతులతో. ఇదివరకు పెంకు పగిలితే చినుకు నేరుగా గిన్నెలో పడేది, చోటు తెలిసేది. ఇప్పుడు నీళ్లు వాలు వెంట జారి, ఎక్కడో నాలుగడుగుల అవతల మరకగా తేలతాయి. అప్పటికి దూది తడిసే ఉంటుంది. అందుకని బోర్డులో రెండడుగుల తలుపొకటి పెట్టించి, ఏటా మిరుగు (మృగశిర కార్తె) ముందు టార్చితో చూస్తున్నాను.

వంటింటికి మాత్రం వేయించలేదు. అమ్మ ఇంకా కట్టెల పొయ్యి మీదే రొట్టెలు చేస్తుంది, ఆ పొగ పోవడానికి పెంకుల సందులే దారి.