పెద్దక్షరాల రెఫరెన్సు బైబిలు: కొనే ముందు యిర్మీయా 35 తెరిచి చూడండి

కుటుంబ ప్రార్థనకు బైబిలు కొనబోయేవాళ్లు దుకాణంలో ముందు చూసేది అట్ట, జిప్పు, బంగారు అంచు. వాటిని పక్కనబెట్టి యిర్మీయా 35వ అధ్యాయం తీసి పైకి చదవండి. 19 వచనాలే, ఏడెనిమిది నిమిషాల పని. అక్షరం కంటికి ఆనుతున్నదా, భాష నోరు తిరుగుతున్నదా, పక్క రెఫరెన్సులు, అంటే అదే సంగతి చెప్పే వేరే వచనాల సూచనలు, దారి చూపుతున్నాయా అన్నది అక్కడే తేలిపోతుంది. ఇక్కడ చెప్పేది పాత అనువాదం, అంటే ‘పరిశుద్ధ గ్రంథము’ పెద్దక్షరాల రెఫరెన్సు ప్రతి గురించి. పెద్దల మాటకూ దేవుని మాటకూ ఉన్న సంబంధాన్ని ఇంటిల్లిపాదికీ నేర్పాలంటే దీనికి సాటి వచ్చేది లేదు. అయితే లోపాలు తెలిసి వాడుకోవాలి.

ఆ అధ్యాయాన్నే ఎందుకు ఎంచాలంటే, యూదా రాజు యెహోయాకీము కాలంలో యిర్మీయా ప్రవక్త రేకాబీయులను, అంటే రేకాబు వంశంవాళ్లను, మందిరపు గదిలోకి పిలిచి ద్రాక్షారసం నిండిన పాత్రలు ముందు పెడతాడు. వాళ్లు ముట్టరు. తాగొద్దు, ఇల్లు కట్టొద్దు, విత్తనం వేయొద్దు, ద్రాక్షతోట నాటొద్దు, గుడారాల్లోనే బతకండి అని రేకాబు కొడుకు యెహోనాదాబు తన వంశానికి చెప్పి అప్పటికి సుమారు 240 ఏళ్లు. గుడారంలో బతుకు అంటే ఏమిటో పాలమూరు నుంచి పనికి వలసపోయే కుటుంబాలకు విడమరచి చెప్పనక్కరలేదు. కల్దీయుల (బబులోనువాళ్ల) సైన్యానికి భయపడి వాళ్లు యెరూషలేములో తలదాచుకున్నారని 11వ వచనం చెబుతుంది. ప్రాణం మీదికొస్తే గుడారం విడిచారు, ద్రాక్షారసం మాత్రం ముట్టలేదు. దీన్ని గమనించకుండా చదివేవాళ్లే ఎక్కువ.

పాత అనువాదం బలం తెలిసేది 14, 15 వచనాల్లో. దేవుడు ‘పెందలకడ లేచి’ మాట్లాడాడు అంటుంది. మన దగ్గర పొద్దుగాల అంటాం. కూలికి పోయే మనిషి పొద్దుగాల లేచినట్టు దేవుడు లేచి, ప్రవక్తలను పంపి, చెప్పిందే మళ్లీ చెప్పాడు. అయినా యూదా వినలేదు. ఒక తాత ఒకప్పుడు చెప్పిన మాటను మనుమలు, మునిమనుమలు కాపాడుకున్నారు. అధ్యాయం బరువంతా ఈ పోలికలోనే ఉంది. ‘మళ్లీ మళ్లీ’ అని తేలిక చేసి చెబితే అర్థం అందుతుంది గానీ, ఆ లేవడంలోని ఆరాటం జారిపోతుంది.

కల్లు ఊరూరా దొరికే నల్లగొండ పల్లెల్లో ఈ భాగాన్ని మద్యపానం మానమనే ప్రసంగంగా మాత్రమే చెప్పడం అలవాటు. అది సగం చదువు. ద్రాక్షారసం పాపమని దేవుడు ఈ అధ్యాయంలో అనలేదు. రేకాబీయుల నియమాన్ని మిగతా యూదా మీద పెట్టనూ లేదు. ఆయన మెచ్చింది వాళ్ల విధేయతను. తాతముత్తాతలు మిషనులో చేరినప్పుడు కల్లు మానేసిన ఇళ్లు దేవరకొండ, వనపర్తి, గద్వాల వైపు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు ఈ అధ్యాయం గుండెకు తగులుతుంది, తగలాలి కూడా.

రెండో సగం కోసం పక్క రెఫరెన్సులు కావాలి. మీ ప్రతిలో ఉంటే సరే, లేకపోతే పెన్సిలుతో రాసుకోండి. 6వ వచనం పక్కన 2 రాజులు 10:15-23, అంటే బయలు అనే అన్యదేవత పూజను తుడిచిపెట్టబోతూ ఇశ్రాయేలు రాజు యెహూ తన రథమెక్కించుకున్న మనిషి ఈ యెహోనాదాబే. 2వ వచనం పక్కన 1 దినవృత్తాంతములు 2:55, న్యాయాధిపతులు 1:16. వీళ్లు కేనీయులని, ఆ కేనీయులు మోషే మామ వంశమని అక్కడ దొరుకుతుంది. పుట్టుకతో ఇశ్రాయేలీయులు కానివాళ్లను చూపించి దేవుడు తన ప్రజలను సిగ్గుపరచాడన్నమాట.

16వ వచనం పక్కన తప్పకుండా న్యాయాధిపతులు 6:25-27, మార్కు 7:9-13 రాయండి. ఇవి లేకుండా ఈ అధ్యాయం చెబితే ప్రమాదం. చనిపోయిన పెద్దల పేరున సాక పోయాల్సి (కల్లు ధారపోయాల్సి) వచ్చిన రోజు, ‘పెద్దల మాట వినమని రేకాబీయుల కథలో మీ బైబిలే చెబుతున్నది కదా’ అని చుట్టాలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గిద్యోను తన తండ్రి కట్టిన బయలు బలిపీఠాన్నే పడగొట్టాడు, అదీ ఇంటివాళ్లకు భయపడి రాత్రిపూట. ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పితం, అని పేరుపెట్టి అమ్మానాన్నలకు చేయాల్సింది ఎగ్గొట్టే ఆచారాన్ని యేసు తప్పుపట్టాడు. యెహోనాదాబు నియమం దేవుని ఆజ్ఞకు ఎక్కడా అడ్డురాలేదు, అందుకే నిలిచింది. కల్లు మానమన్న తాత మాటకూ సాక పోయమన్న ఆనవాయితీకీ తేడా ఇక్కడే ఉంది. ఈ మూడు భాగాలూ ఒకే సాయంత్రం చదవండి, విడదీయకండి.

ఇక లోపాలు. పేర్లు తికమక పెడతాయి. 3వ వచనంలో యజన్యా తండ్రి పేరు కూడా యిర్మీయాయే, అతను ప్రవక్త కాదు. పేర్ల పట్టిక పట్టుకుని వెళితే 2 సమూయేలు 4లో ఇష్బోషెతును చంపిన రేకాబు, 13లో అమ్నోనుకు దుర్బుద్ధి నేర్పిన యెహోనాదాబు ఎదురవుతారు. వాళ్లు వేరే మనుషులు. అధ్యాయాల వరుస కాలక్రమం అనుకున్నా పొరపాటే. 34 సిద్కియా కాలం, 35 వెనక్కి యెహోయాకీము కాలం. దాసులను విడిపిస్తామని నిబంధన చేసి మళ్లీ పట్టుకున్నవాళ్లు 34లో, గ్రంథపు చుట్టను కాల్చేసిన రాజు 36లో, నడుమ మాట నిలుపుకున్న ఈ కుటుంబం. సంధులు కలిసిన ‘మాకాజ్ఞాపించెను’ లాంటి చోట పిల్లలు ఆగిపోతారు. ముందురోజే పెద్దవాళ్లు చదివి అక్కడ చిన్న గీత పెట్టుకుంటే చాలు.

ఇదే అనువాదాన్ని ఫోనులో ఉచితంగా చదివేటప్పుడు ఇంకో చిక్కు. అచ్చులో ‘వారు’ తర్వాత గీత, ఆపైన వాళ్ల మాట మొదలవుతుంది. చాలా ఫోను ప్రతుల్లో ఆ గీత ఎగిరిపోయి ‘వారుమా పితరుడగు’ అని అతుక్కుని కనిపిస్తుంది. ఎవరి మాట ఎక్కడ మొదలైందో తెలియదు. ఈ అధ్యాయంలో దేవుని మాట, ప్రవక్త మాట, రేకాబీయుల మాట, తాత మాట ఒకదానిలో ఒకటి ఉంటాయి కాబట్టి ఇక్కడ మరీ ఇబ్బంది.

బైండింగు చూసే పద్ధతి: నడుమకు విప్పి వెన్ను దగ్గర దారం కనిపిస్తున్నదేమో చూడండి. కుట్టు ఉన్నదే తీసుకోండి. ఒట్టి జిగురుతో అతికించినవి మన ఎండలకు ఎండిపోయి కాగితాలు ఊడతాయి, రేకుల ఇంట్లో అయితే ఇంకా తొందరగా. కాగితం పలచన కాబట్టి జెల్ పెన్ను వాడొద్దు, అవతలి పక్కకు దిగుతుంది. పెద్ద ప్రతిని చేతిలో పట్టుకుని ఒక అధ్యాయం చదివేసరికి మణికట్టు లాగుతుంది, చెక్క స్టాండు ఉంటే మంచిది. పనికి వలసపోయేవాళ్లకు ఇది మోత. వాళ్లకు జిప్పు ఉన్న చిన్న సైజు కుట్టు ప్రతి చాలు, బయల్దేరే ముందు పైన చెప్పిన రెఫరెన్సులు అందులోనూ రాసి ఇవ్వండి.