బొచెల్లి ‘అమోరే’: గొంతు తగ్గించినప్పుడే గెలిచాడు

ఇటలీ టెనర్ (హెచ్చు స్థాయి పురుష గాత్రం) ఆండ్రియా బొచెల్లి ఒపెరా పక్కనపెట్టి పాత ప్రేమపాటలు పాడిన ఆల్బమ్ ఇది. 2006 జనవరి చివర అమెరికాలో విడుదలై, అక్కడి ఆల్బమ్‌ల ర్యాంకింగ్ పట్టిక బిల్‌బోర్డ్ 200లో 3వ స్థానం దాకా వెళ్లింది. స్పానిష్ శ్రోతల కోసం ‘అమోర్’ పేరుతో వేరే ఎడిషన్ కూడా తెచ్చారు.

ముందుగా వినాల్సింది ‘బెసామె ముచో’. పల్లవిని మైకుకు దగ్గరగా, దాదాపు మాట్లాడుతున్నట్టు అందుకుంటాడు. పై స్థాయికి వెళ్లేది తర్వాతే. ‘ఎస్తాతే’లోనూ ఆ నిగ్రహమే. ‘సోమోస్ నోవియోస్’లో పాప్ గాయని క్రిస్టినా అగిలేరా తన గమకాలను అదుపులో పెట్టుకోవడం ఆశ్చర్యం. ‘కాన్‌సోనీ స్తొనాతే’లో స్టీవీ వండర్ హార్మోనికా అయితే పాటకే ప్రాణం.

చిక్కల్లా డేవిడ్ ఫోస్టర్ నిర్మాణశైలితోనే. చాలా పాటల్లో చివరికి వయొలిన్లు ఉప్పెనలా లేస్తాయి, గొంతులోని సన్నని ఒణుకు వాటి కింద పడిపోతుంది. కెన్నీ జీ శాక్సఫోన్ ఉన్న ‘మీ మాంకీ’ మరీ పాకం ముదిరిన మిఠాయి. ‘బికాజ్ వీ బిలీవ్’ టురిన్ శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకకు నప్పింది. గదిలో ఒంటరిగా వింటే బరువే.

ఫోన్ స్పీకర్‌లో వద్దు. హెడ్‌ఫోన్స్‌లో వింటేనే ఊపిరి తీసుకునే చోట్లు తెలుస్తాయి. ఒపెరా ఆశించేవాళ్లకు మాత్రం ఇది కాదు.