అహ్మదాబాద్‌లో దిగితే పోల్‌లోనే దిగాలి

అహ్మదాబాద్ వెళ్లినవాళ్లలో చాలామంది సబర్మతి ఆశ్రమం, రివర్‌ఫ్రంట్ చూసుకుని అటు నుంచి అటే స్టాచ్యూ ఆఫ్ యూనిటీకి వెళ్లిపోతారు. నన్నడిగితే ఆ ఊరి ప్రాణమంతా నదికి తూర్పున, పాత నగరంలోనే ఉంది. 1411లో సుల్తాన్ అహ్మద్ షా కట్టించిన ఊరు అది. అక్కడి పేటల్ని పోల్ అంటారు. ముందు ఒక పెద్ద ద్వారం, లోపల సన్నటి సందు, దానికి పిల్ల సందులు, గోడకు గోడ ఆనించి కట్టిన చెక్క కట్టు ఇళ్లు, నడుమ ఒక గుడి. ఒక్కో పోల్‌లో ఒకే వృత్తివాళ్లో, ఒకే కులంవాళ్లో, ఒకే మతంవాళ్లో ఉండేవారు. 18వ శతాబ్దంలో మొఘలులకూ మరాఠాలకూ మధ్య ఊరు నలిగిపోతున్న రోజుల్లో రాత్రయితే ద్వారం మూసి కాపలా పెట్టుకునేవారు. 2017 జులైలో యునెస్కో ఈ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. మన దేశంలో ఆ హోదా దక్కిన మొదటి నగరం ఇదే.

చూడటానికి మున్సిపల్ కార్పొరేషన్ నడిపే హెరిటేజ్ వాక్‌ను మించింది లేదు. 1997 నుంచి నడుస్తోంది. ఉదయం కాలూపుర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలై జామా మసీదు దగ్గర ముగుస్తుంది. సొంతంగా తిరిగితే సందులు కనిపిస్తాయి గానీ వాటి గుట్టు తెలియదు. బయటికి మామూలు ఇల్లులా ఉండే తలుపు వెనక చెక్కడాలతో నిండిన దేరాసర్, అంటే జైన గుడి ఉందని గైడ్ చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? హాజా పటేల్ పోల్‌లో నల్లరాతి రాముడి గుడి కూడా అలాగే ఇళ్ల మధ్య కలిసిపోయి ఉంటుంది. లంబేశ్వర్ పోల్‌లో గుజరాతీ కవి దల్పత్‌రామ్ ఉన్న ఇల్లు ఇప్పుడు లేదు. దాని ముఖభాగాన్ని మళ్లీ కట్టి, అరుగు మీద ఆయన కంచు విగ్రహాన్ని కూర్చోబెట్టారు. పక్కనే కూర్చుని ఫొటో దిగని వాళ్లు అరుదు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ ఇళ్లు పనిచేసే తీరు. మేం దిగిన ఇంట్లో వీధి గుమ్మం దాటగానే చౌక్, అంటే ఆకాశం కనిపించే చిన్న నడిమి వాకిలి. వేడిగాలి అక్కడి నుంచి పైకి పోతుంది. ఎదురిళ్లు ఒకదాని నీడ ఒకదానిపై పడేంత దగ్గరగా ఉంటాయి కాబట్టి సందులోనూ ఎండ తక్కువే. చౌక్ రాతి పలకల కింద టాంకా ఉంటుంది. డాబా మీద పడిన వాన నీరు గొట్టంలోంచి నేరుగా ఈ భూగర్భ తొట్టిలోకి దిగుతుంది. తొలి వాన నీటిని బయటికి వదిలేసి, ఆ తర్వాతి నీటినే పట్టుకునేవారు. వెలుతురు తగలదు కాబట్టి పాచి పట్టదు. ఆ ఇంటి పెద్దాయన మూత తీసి చూపించారు. చల్లటి గాలి ముఖానికి తగిలింది, అడుగున టార్చి వెలుగులో నీళ్లు మెరిశాయి.

గోడలు ఇటుకవే, కానీ మధ్యమధ్యలో చెక్క దూలాలు పొదిగి ఉంటాయి. 2001 జనవరి 26 భూకంపంలో ఇదే నగరంలో కాంక్రీట్ అపార్ట్‌మెంట్లు కొన్ని కుప్పకూలాయి. ఈ చెక్క కట్టు ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. సందు మలుపుల్లో కనిపించే చబూతరోలు ఇంకో ముచ్చట. చెట్లకు చోటు లేని చోట పక్షుల కోసం ఎత్తైన స్తంభం మీద చెక్కిన గూళ్లు అవి. ఇప్పటికీ గింజలు వేస్తున్నారు.

బస సంగతికొస్తే, లాల్ దర్వాజా దగ్గర సీదీ సయ్యద్ మసీదు ఎదుటి హౌస్ ఆఫ్ ఎంజీ హోటల్ 1924 నాటి మిల్లు యజమాని భవనం. డబ్బుకు వెనకాడని వాళ్లకూ, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకూ అదే సరి. మేడ మీద వాళ్ల గుజరాతీ థాలీ తీరిగ్గా కూర్చుని తినాల్సిందే. కానీ అది పోల్ జీవితం కాదు. పోల్ లోపలి హోమ్‌స్టేలో పొద్దున్నే గుడిగంట, పక్కింటి ప్రెషర్ కుక్కర్ విజిల్, పాలవాడి కేక అన్నీ మన గదిలోనే ఉన్నట్టు వినిపిస్తాయి. నాకది ఇష్టం. నిద్ర పలచనైన వాళ్లకు కష్టం. మెట్లు నిటారుగా ఉంటాయి, తాడు పట్టుకుని ఎక్కాలి. ఆటో ద్వారం దాకే వస్తుంది, సూట్‌కేసు మోసుకోవాల్సిందే. బుక్ చేసే ముందు బాత్రూమ్ ఏ అంతస్తులో ఉందో తప్పక అడగండి. హెరిటేజ్ అని బోర్డు పెట్టుకున్న ఇంకో చోట గది చూస్తే, ఏసీ కోసం చెక్కడాల దూలాన్నే కోసేశారు. చూసి కడుపు తరుక్కుపోయింది, అక్కడ దిగలేదు.

రాత్రి భోజనానికి మాణెక్ చౌక్. పగలు నగల వ్యాపారం జరిగే ఆ కూడలి రాత్రికి తిండి బజారైపోతుంది. ఘూఘరా శాండ్‌విచ్, కుల్ఫీ బాగున్నాయి. చీజ్ కుమ్మరించిన దోసెలు నాకు నచ్చలేదు. పదకొండు దాటితే రద్దీ తగ్గదు సరికదా, పెరుగుతుంది.

బాధ కలిగించేదీ ఉంది. తాళం వేసిన ఇళ్లు చాలా కనిపించాయి. కొత్త తరం నది దాటి ఫ్లాట్లకు వెళ్లిపోతే, ఖాళీ ఇళ్లు గోడౌన్లవుతున్నాయి, చెక్కిన స్తంభాలు పాత సామాన్ల కొట్లకు చేరుతున్నాయి. పాత ఇంటిని కాపాడుకున్న యజమాని వాడుకోని నిర్మాణ హక్కును టీడీఆర్‌గా, అంటే వేరే చోట కట్టుకునేవాళ్లకు బదిలీ చేసే హక్కుగా అమ్ముకునే వీలు కార్పొరేషన్ కల్పించింది. మంచి పనే. అయితే ఇంట్లో దీపం పెట్టే మనిషి ఉంటేనే ఇల్లు నిలుస్తుంది. పోల్ లోపలి కుటుంబాల దగ్గర బస చేయమని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఆ అద్దె వాళ్ల చేతికే పోతుంది.

డిసెంబరు, జనవరి మంచి కాలం. ఉత్తరాయణ్‌కు, అంటే జనవరి 14న గాలిపటాలు చూడాలనుకుంటే డాబాలు ముందే అద్దెకు పోతాయి, నెలల ముందే మాట్లాడుకోవాలి. మే నెలలో మాత్రం పిల్లలతో వెళ్లొద్దు.