పాలమూరు రోడ్ల మీద బీఎండబ్ల్యూ ఎం340ఐ: ఐదు గంటల పరిచయం

మా బావ కొనాలనుకుంటున్న కారును నడిపి చూడటానికి హైదరాబాదుకు రమ్మని షోరూము వారు పిలిచినప్పుడు, రామని చెప్పినవాణ్ణి నేనే. ఔటర్ రింగు రోడ్డు మీద, ఎనిమిది వరసల నున్నటి దారిలో పది కిలోమీటర్లు నడిపితే ఏ కారైనా బాగున్నట్టే తోస్తుంది. ఈ కారు రోజూ తిరగవలసింది మహబూబ్‌నగర్‌లో బావ ఇల్లున్న గల్లీకీ, జడ్చర్ల దగ్గరి అతని పత్తి జిన్నింగ్ మిల్లుకూ మధ్య. వారానికొకసారి హైదరాబాదుకు, పంట కాలంలో రాయచూరు వైపుకు. కాబట్టి కారే మా ఊరికి రావాలని పట్టుబట్టాను. మూడు వారాలు గడిచి, నాలుగు ఫోన్లు అయ్యాక, ఏప్రిల్ నెలాఖరులో ఒక ఆదివారం ఉదయం ఏడు గంటలకు బీఎండబ్ల్యూ ఎం340ఐ మెట్టుగడ్డ దాటి వచ్చి బావ ఇంటి ముందు ఆగింది. పన్నెండింటి వరకు అది మా చేతిలోనే ఉంది, సుమారు 150 కిలోమీటర్లు తిరిగాము. నేను పదేళ్లుగా డీజిల్ ఆక్టేవియా నడుపుతున్నవాణ్ణి. కింద రాసినవన్నీ ఆ అలవాటున్న చేతులకు తోచిన మాటలని ముందే చెప్పడం న్యాయం.

కారు ఏమిటో క్లుప్తంగా చెబుతాను. ఇది బీఎండబ్ల్యూ 3 సిరీస్ సెడానే. అయితే లోపల మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజిను, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఉంటాయి. పేరులో ఎం అక్షరం ఉన్నంత మాత్రాన ఇది పందేల కోసం పుట్టిన అసలు ఎం కారు కాదు, మామూలు సెడానుకూ దానికీ నడుమ నిలిచే రకం, దీన్ని ఎం పెర్ఫార్మెన్స్ అంటారు. 2021లో మన దేశంలో విడుదలైనప్పుడు, చెన్నై దగ్గరి కర్మాగారంలో బిగించిన తొలి ఎం పెర్ఫార్మెన్స్ కారు ఇదే. అప్పట్లో 387 హార్స్‌పవర్ అని ప్రకటించారు, ఇప్పుడది 374, టార్కు, అంటే చక్రాలను తిప్పే బలం, 500 న్యూటన్ మీటర్లు. ధర మాత్రం అప్పటి 62.90 లక్షల నుంచి 2024 నవంబరు నాటికి 74.90 లక్షలకు పెరిగింది, అదీ ఎక్స్‌షోరూమ్ లెక్క; ఆపైన లైఫ్ ట్యాక్సు, బీమా. హార్స్‌పవర్ తగ్గి ధర పెరగడం గురించి బావ షోరూము కుర్రవాణ్ణి రెండుసార్లు అడిగాడు. అతను 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ (ఇంజినుకు తోడుపడే చిన్న కరెంటు మోటారు) గురించి, పెద్ద తెర గురించి చెప్పాడు. బావ తల ఊపాడు గానీ తృప్తి పడలేదు.

రూపం గురించి ఎక్కువ రాయను. ఫొటోల్లో కనిపించే దానికంటే ఎదురుగా చిన్నగా ఉంటుంది, నేలకు దగ్గరగా ఉంటుంది. పాలు పోసి వెళుతున్న పెద్దమనిషి ఒకరు ఆగి, వంగి చూసి, "గింత కిందికి ఉంది, మన గల్లీల తిరుగుతదా సారూ?" అని అడిగాడు. ఆ రోజు విన్న వాటిలో అంత సూటి ప్రశ్న మరొకటి లేదు, దాని దగ్గరికి తరువాత వస్తాను.

లోపల కూర్చోగానే సీటు రెండు పక్కలా నడుమును పట్టుకుంటుంది. సన్నటి మనిషికి అది హాయి. బావ శరీరానికి మొదటి అరగంట కొంచెం ఇరుకు, సీటు అంచులను వెడల్పు చేసే మీట దొరికాక సర్దుకుంది. ఎదురుగా 12.3 అంగుళాల మీటర్ల తెర, 14.9 అంగుళాల మరో తెర ఒకే వంపు అద్దం వెనుక కలిసి ఉంటాయి. చూపుకు బాగుంది. నాకు నచ్చనిది ఏసీ బటన్లను కూడా ఆ తెరలోకే పంపేయడం. ఏప్రిల్‌లో పాలమూరులో పదకొండు గంటలకు ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. గాలి వేగం పెంచడానికి రోడ్డు మీది నుంచి కన్ను తీసి తెర మీద వేలు పెట్టవలసి రావడం, ఇంత ఖరీదైన కారులో నాకు మింగుడుపడలేదు. గేరు కర్ర పోయి వేలెడంత మీట వచ్చింది, దానికి పది నిమిషాల్లో అలవాటుపడవచ్చు. దాని పక్కన గుండ్రంగా తిప్పే పాత మీటను ఉంచడం మాత్రం మంచి పని చేశారు.

అప్పన్నపల్లి మీదుగా జడ్చర్ల చేరే వరకు కారు ఎటువంటి ఆర్భాటమూ చెయ్యలేదు. ఆటోల వెనుక, బస్సుల వెనుక ముప్పై నలభై వేగంలో నడుస్తుంటే ఇంజిను ఉన్నట్టే తెలియదు. దీనికి కారణం అమరికలోనే ఉంది: ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉన్నప్పుడు ముందు మూడు పిస్టన్ల కదలిక వెనుక మూడింటికి అద్దంలోని ప్రతిబింబంలా ఉంటుంది, కాబట్టి ఒకదాని కుదుపును మరొకటి చంపేస్తుంది. నా డీజిలు కారులో స్టీరింగు మీద ఎప్పుడూ ఉండే ఆ సన్నటి వణుకు ఇందులో లేదు. సిగ్నలు దగ్గర ఇంజిను ఆగి మళ్లీ మొదలైన సంగతిని కూడా మీటరు చూసి తెలుసుకున్నాను.

జడ్చర్ల దగ్గర 44వ నెంబరు జాతీయ రహదారి ఎక్కి, భూత్పూరు, మూసాపేట మీదుగా అడ్డాకుల వరకు వెళ్లాము. షోరూము కుర్రవాడు "స్పోర్ట్ మోడ్‌లో పెట్టి ఒకసారి పూర్తిగా తొక్కండి సార్" అని మూడుసార్లు అన్నాడు. సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లని కంపెనీ చెబుతుంది. ఆ లెక్కను నేను పరీక్షించలేదు. డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం నూరని కేంద్రం 2018లో నిర్ణయించింది, ఆ నూరు దగ్గర ఈ కారు ఎనిమిదో గేరులో, ఇంజిను నిమిషానికి రెండు వేల లోపు చక్కర్లతో, నిద్రపోతున్నట్టు పోతుంది. టోలు గేటు దాటిన తరువాత ఖాళీ రోడ్డు చూసి నలభై నుంచి నూరు వరకు మాత్రం ఒకసారి గట్టిగా తొక్కాను. వెనుక కూర్చున్న మా నాయన చేతిలోని నీళ్ల సీసా జారి కింద పడింది, ఇంజిను గొంతు ఒక్కసారి బరువెక్కి పైకి లేచింది, నేను కాలు తీసేసరికే ముల్లు నూరు దగ్గర ఉంది. ఆనందం లేదనను. అయితే అది నాలుగు సెకన్ల ఆనందం, ఆ తరువాత మిగిలిన దారంతా ఆక్టేవియాకు కూడా సరిపోయే వేగమే.

అసలు కారును నేను గుర్తుపట్టింది అక్కడ కాదు, మూసాపేట దగ్గర. డివైడరు మధ్య సందులోంచి ఒక మోటారుసైకిలు, మీద ముగ్గురు, ముందు పశువుల మేత కట్టతో సహా అడ్డంగా వచ్చింది. నూరులో ఉన్న కారును బ్రేకు మీద నిలువుగా పట్టుకున్నాను. ముక్కు కిందికి దిగలేదు, తోక పక్కకు జరగలేదు, స్టీరింగు చేతిలో మెదలలేదు. మోటారుసైకిలు ఇంకా రోడ్డు మధ్యలో ఉండగానే కారు నడక వేగానికి వచ్చేసింది. ఆ ముగ్గురూ మా వంక చూడకుండానే వెళ్లిపోయారు. మన రహదారుల మీద ఇది వారానికొకసారైనా జరిగే పని కాబట్టి, నేనైతే ఈ కారు అమ్మే కాగితం మీద 4.4 సెకన్ల కంటే ముందు ఆ బ్రేకుల సంగతే రాసేవాణ్ణి.

తిరిగి మహబూబ్‌నగర్ వచ్చి రాయచూరు రోడ్డు పట్టుకున్నాము. దేవరకద్ర వైపు డివైడరు లేని చోట ఎదురుగా ఉల్లిగడ్డల లారీలు, వెనుక నుంచి హారన్ కొట్టే బస్సులు, పక్క పల్లెకు తిరిగితే యాసంగి వడ్లు రోడ్డుకు ఒక పక్క ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి. కల్లం లేని రైతు మరెక్కడ ఆరబోస్తాడు, అందుకు తప్పు పట్టను. కానీ ఇద్దరు పోవలసిన దారిలో ఒక్కరే పోగలిగినప్పుడు, ముందున్న ట్రాక్టరును దాటడానికి దొరికే ఖాళీ ఎంతో, దాన్ని వాడుకోవడానికి కారు తీసుకునే సమయం ఎంతో అక్కడ లెక్కకు వస్తుంది. నా కారులో అటువంటి చోట గేరు తగ్గించి, టర్బో మేలుకోవడానికి ఒక క్షణం ఆగి, అప్పుడు నిర్ణయించుకుంటాను. సగం సార్లు ఆ క్షణంలోనే ఎదురుగా లారీ కనబడి వెనక్కి తగ్గుతాను. ఇందులో ఆ క్షణం లేదు. 500 న్యూటన్ మీటర్ల టార్కు 1,900 చక్కర్ల దగ్గరే పూర్తిగా అందుతుంది కాబట్టి, యాభై వేగంలో ట్రాక్టరు వెనుక ఉన్నవాణ్ణి, కాలు అంగుళం నొక్కగానే, దాని ట్రాలీ దాటి నా వరసలోకి వచ్చేశాను. స్పోర్ట్ మోడు అవసరమే రాలేదు. ఎదుటి బండి మీద పడతామేమోనన్న బెంగ సగానికి తగ్గడం, ఆ రోడ్డు మీద ఏళ్లుగా తిరుగుతున్న నాకు, వేగం కంటే విలువైన సుఖంగా తోచింది. రాళ్ల పక్క నుంచి పోతున్నప్పుడు కారు వెడల్పు చేతికి సరిగ్గా తెలుస్తుంది, స్టీరింగు తిప్పినంతే తిరుగుతుంది.

అయితే అదే రోడ్డు దీని బలహీనతను కూడా బయటపెట్టింది. అతుకులు వేసిన తారు మీద, టైర్ల అంచు సన్నం కావడం వల్ల, ప్రతి అతుకూ నడుముకు లెక్క చెబుతుంది. కంఫర్ట్ మోడులో గట్టి దెబ్బ తగలదు గానీ, చిన్న చిన్న తాటింపులు ఆగవు. గరుకు రోడ్డు మీద టైర్ల రొద లోపలికి వినబడుతుంది. వెనుక సీటులో నాయన ఒక అరగంట ఓర్చుకుని, "బండి ఉరుకుతది మంచిగ, గని నా మోకాళ్లకు జాగ లేదు" అన్నాడు. ఆయన ఆరడుగుల మనిషి, ముందు కూర్చున్న బావ కూడా సీటు బాగా వెనక్కి జరుపుకున్నాడు. అయినా మాట నిజమే. దిగేటప్పుడు తలుపు పైభాగం పట్టుకుని, ఒక చేయి నాకిచ్చి లేవవలసి వచ్చింది. ఇదే 3 సిరీసులో పొడుగు రకం ఒకటి మన దేశంలో అమ్ముతున్నారు, దాని రెండు ఇరుసుల మధ్య దూరం 110 మిల్లీమీటర్లు ఎక్కువ. అందులో పెట్రోలు రకానికి నాలుగు సిలిండర్లు, 258 హార్స్‌పవర్. ఇంట్లో పెద్దలు రోజూ వెనుక కూర్చునేట్టయితే ముందు దాన్ని చూడమని నా సలహా.

ఇక పాలాయన అడిగిన ప్రశ్న. గల్లీలో తిరిగింది, మురుగు కాలువ మీది బండ కూడా దాటింది. స్పీడ్ బ్రేకర్ల దగ్గరే చిక్కు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి; అటువంటి వాటిని ఈ కారు ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కి దిగింది. మన పల్లెల్లో మాత్రం అడుగు వెడల్పులో, ఆ పది సెంటీమీటర్ల కంటే ఎత్తుగా, ఊరివాళ్లే సిమెంటు పోసి కట్టుకున్నవి ఉంటాయి. వాటిని ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కేట్టు దాటించాను. పదకొండింటిలో పదింటిని తగలకుండా దాటింది. పదకొండవది బావ మిల్లు గేటు ముందరిది. పత్తి లారీలు గేటు దగ్గర ఆగాలని అతనే నిరుడు దగ్గరుండి పోయించాడు. దాని మీద కారు కడుపు గర్రుమని రాసుకుంది. షోరూము కుర్రవాడు దిగి, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూసి, కింది రక్షణ తొడుగు మీద గీత తప్ప మరేమీ లేదన్నాడు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఖర్చుల విషయంలో రెండు సంగతులు కొనేవారికి తెలియాలి. ముందు టైర్ల వెడల్పు 225, వెనుకవి 255 మిల్లీమీటర్లు. అందువల్ల అరుగుదల సమంగా ఉండటానికి ముందువి వెనక్కి మార్చుకునే అలవాటు ఇక్కడ కుదరదు, రాత్రిపూట ఒకటి పగిలితే మన ఊరి టైర్ల దుకాణంలో ఆ కొలత దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకూడదు. రెండోది, ఇటువంటి ఇంజిన్లకు మామూలు దానికంటే మేలురకమైన 95 ఆక్టేన్ పెట్రోలు మంచిది, అది జిల్లాలో అన్ని బంకుల్లో ఉండదు; దొరికే చోటు ముందే చూసిపెట్టుకోవాలి. సర్వీసుకు హైదరాబాదు వెళ్లవలసిందే, పోను రాను ఒక రోజు పని. మేము తిరిగిన దూరానికి తెర మీద లీటరుకు 8.9 కిలోమీటర్లు చూపింది, అందులో నా కాలి తప్పు కొంత ఉంది.

బావ ఆ రోజు ఏమీ తేల్చలేదు. పొడుగు రకాన్ని కూడా పంపమని అడిగాడు, అది నాయన కోసం. బుధవారం నాడు ఫోను చేశాడు. ధర తగ్గిస్తారా అన్న సంగతి మాట్లాడతాడనుకున్నాను. మిల్లు గేటు ముందరి బ్రేకరును పగలగొట్టి, పది సెంటీమీటర్ల ఎత్తులో, 3.7 మీటర్ల వెడల్పుతో మళ్లీ పోయడానికి ఎన్ని సంచుల సిమెంటు పడుతుందో మేస్త్రీని అడిగి చెప్పమన్నాడు.