ఏజెంట్ సహకరించడం లేదు: అతనితోనే సాగాలా, మార్చాలా, ఓనర్‌తో నేరుగా తేల్చుకోవాలా?

ఫోన్ ఎత్తడు. ఎత్తినా "సాయంత్రం చెప్తా సార్" అంటాడు. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల రిజిస్ట్రేషన్ వివరాలు చూపే పత్రం) అడిగితే "క్లియర్ టైటిల్ సార్, బ్యాంకు లోన్ కూడా వస్తుంది" అంటాడే గానీ కాగితం పంపడు. ఓనర్‌ని కలుస్తామంటే "టోకెన్ (తొలి అడ్వాన్స్) ఇవ్వండి, కూర్చోబెడతా" అంటాడు. హైదరాబాద్‌లో కొన్నా, విజయవాడలో కొన్నా, విశాఖలో కొన్నా ఫ్లాట్ కోసం తిరిగేవాళ్లకు ఈ మాటలు కొత్త కాదు.

ఇలాంటప్పుడు మూడు దారులుంటాయి. షరతులు కాగితం మీద పెట్టి అతనితోనే సాగడం, ఇంకో ఏజెంట్‌ని పట్టుకోవడం, లాయర్‌ని పెట్టుకుని ఓనర్‌తో నేరుగా మాట్లాడటం. ఏది మేలన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మీరు టోకెన్ ఇచ్చారా లేదా? అతను ఆపుతున్న పని ఏమిటి?

ముందు అతను ఎందుకు కదలడం లేదో చూడండి

ఏజెంట్ పని మూడు ముక్కలు: ఇల్లు వెతికి చూపించడం, బేరం, కాగితాలు. మొదటి పనిలో మంచి ఏజెంట్‌కి సాటి లేదు. ఏ అపార్ట్‌మెంట్‌లో ఎవరు అమ్ముతున్నారో, ఎవరికి డబ్బు తొందరగా కావాలో అతనికి తెలిసినట్టు ఏ వెబ్‌సైట్‌కీ తెలియదు.

బేరం సంగతి వేరు. 80 లక్షల ఫ్లాట్‌కి రెండు శాతం కమీషన్ అనుకుంటే అతనికి 1,60,000 వస్తుంది. మీ తరఫున పట్టుబట్టి 77 లక్షలకు దింపితే మీకు 3 లక్షలు మిగులుతాయి, అతనికి 6 వేలు తగ్గుతాయి, పైగా ఇంకో పది రోజులు తిరగాలి. అమ్మేవాళ్ల దగ్గర కూడా అంతే తీసుకుంటుంటే తగ్గేది 12 వేలు. ఈ వారం 80కి ముగిస్తే వచ్చే లాభం అతనికి ఎక్కువ. కాబట్టి "మా కోసం బేరం చేయడం లేదు" అని ఏజెంట్‌ని మారిస్తే కొత్తగా వచ్చేవాడూ అదే లెక్క వేస్తాడు. బేరం మీరే చేసుకోవాలి.

ఆలస్యానికి అసలు కారణం చాలావరకు ఈ నాలుగింట్లో ఒకటై ఉంటుంది. ఒకటి, అతను గొలుసులో మూడోవాడు. ఓనర్ నంబర్ అతని దగ్గర లేదు, ప్రతి ప్రశ్నా ఇంకో ఇద్దరు బ్రోకర్లను దాటి వెళ్లాలి. రెండు, ఓనర్ అతనికి నెట్ రేటు చెప్పాడు: "నాకు 75 చాలు, పైన వచ్చింది నీది." ఏజెంట్ మీకు 82 చెప్పాడు. ఇక మిమ్మల్ని ఓనర్‌తో ఎందుకు కలుపుతాడు? మూడు, ఇంకో బిల్డర్ ఎక్కువ కమీషన్ ఇస్తున్నాడు, మిమ్మల్ని అటు లాగాలి. నాలుగు, కాగితాల్లో లోపం ఉందని అతనికి తెలుసు.

ఏ కారణమో తెలుసుకోవడానికి ఒక్క మెసేజ్ చాలు: "ఈ ఫ్లాట్ సేల్ డీడ్ నంబర్, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు పంపండి. నెల మెయింటెనెన్స్ ఎంత, బకాయి ఉందా? ఓనర్‌ని ఈ ఆదివారంలోపు కలవాలి." డీడ్ నంబర్ ఆ రోజే వచ్చి ఓనర్ సమయం మాత్రం ఆలస్యమైతే అతను తీరిక లేని మనిషి, అంతే. మెయింటెనెన్స్ సంగతి కూడా రెండు రోజులకు గానీ రాకపోతే గొలుసు బ్రోకర్. అన్నీ చెప్పి ఓనర్ దగ్గరికి మాత్రం రానివ్వకపోతే నెట్ రేటు అని అనుమానించండి. డీడ్ నంబర్ ఒక్కటే రాకపోతే ఆ ఇంటిని అక్కడితో వదిలేయండి. ఏజెంట్‌ని మార్చినంత మాత్రాన ఆ ఇంటి కాగితాలు మారవు.

అతనితోనే సాగడం

ఇల్లు నచ్చి, అతనికి ఓనర్‌తో నిజంగా పరిచయం ఉండి, బద్ధకం ఒక్కటే సమస్య అయితే ఇదే మేలు. కాకపోతే నోటి మాట మీద సాగకూడదు. కమీషన్ ఇంత అని ఏ చట్టమూ ఖరారు చేయలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఒక శాతం, రెండు శాతం అన్నవి అలవాటుగా నడుస్తున్న రేట్లు మాత్రమే, కాబట్టి మాట్లాడుకోవచ్చు.

అరపేజీ కాగితం గానీ, అతను "ఓకే" అని బదులిచ్చిన వాట్సాప్ మెసేజ్ గానీ సరిపోతుంది. అందులో ఉండాల్సినవి: కమీషన్ ఎంత, జీఎస్టీ అందులో కలిసిందా లేదా (జీఎస్టీ నమోదు ఉన్న ఏజెంట్ అయితే కమీషన్ మీద 18 శాతం పడుతుంది), రిజిస్ట్రేషన్ అయిన రోజే చెల్లింపు, అమ్మేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటున్నాడా, ఏయే కాగితాలు ఏ తేదీకి తెస్తాడు.

"రిజిస్ట్రేషన్ రోజే" అన్నందుకు కొందరు నొచ్చుకుంటారు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ చెప్పేదీ ఇదే: వేరే ఒప్పందం లేకపోతే, పని పూర్తయ్యేదాకా ఏజెంట్ ప్రతిఫలం చెల్లించాల్సిన బాకీ కాదు. తన పనిలో తప్పుడు నడవడికకు పాల్పడిన ఏజెంట్‌కి ఆ భాగానికి ప్రతిఫలం రాదని 220వ సెక్షన్ చెబుతుంది. అగ్రిమెంట్ రోజున సగం అడిగితే పావు వంతు మించి ఒప్పుకోకండి. సగం చేతికొచ్చాక బ్యాంకు చుట్టూ మీ కోసం తిరిగే ఏజెంట్లు తక్కువ.

ఈ దారిలో బాగా దెబ్బతినేది టోకెన్ దగ్గర. టోకెన్ ఏజెంట్ ఖాతాలో వేయకండి. ఓనర్ ఖాతాలోకే వెళ్లాలి, అదీ బ్యాంకు ద్వారా. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రసీదులో "బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో అభ్యంతరం వస్తే పూర్తి మొత్తం ఇన్ని రోజుల్లో వాపసు" అన్న వాక్యం ఓనర్ సంతకంతో ఉండాలి. అది లేక టోకెన్లు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

ఇంకో ఏజెంట్‌కి మారడం

టోకెన్ ఇవ్వకముందు, ఇంకా ఇళ్లు చూసే దశలోనే ఉంటే మారడానికి వెనుకాడకండి. రీసేల్ ఫ్లాట్లకు మన దగ్గర కొనేవాళ్లు ఒక్క ఏజెంట్‌కే కట్టుబడేలా సంతకం చేయడం అరుదు. చేసి ఉంటే మాత్రం ఆ కాగితం తీసి గడువు చూడండి. మీరిచ్చిన అధికారాన్ని అతను ఇంకా వాడకముందు వెనక్కి తీసుకోవచ్చు, తగినంత ముందుగా తెలియజేయాలి. గడువు రాసుకున్న ఒప్పందాన్ని సరైన కారణం లేకుండా మధ్యలో తెంచితే పరిహారం అడిగే హక్కు అతనికి ఉంటుంది. అందుకే కారణం కూడా మెసేజ్‌లోనే రాయండి: ఏ తేదీన ఏం అడిగారు, ఏం రాలేదు.

మారినప్పుడు వచ్చే పెద్ద తగువు డబుల్ కమీషన్. మొదటివాడు చూపించిన ఫ్లాట్‌నే రెండోవాడు చూపిస్తాడు, మీరు కొంటారు, రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఇద్దరూ నిలబడతారు. మొదటివాడు చూపించిన ఇళ్ల జాబితా తేదీలతో సహా రెండోవాడికి మొదటి రోజే పంపి, "ఇవి తప్ప" అని చెప్పండి. ఆ జాబితాలోని ఇల్లే కావాలనుకుంటే ఏజెంట్‌ని మార్చకండి. ఇల్లు చూపించి ఓనర్‌తో కలిపిన మనిషికి కమీషన్ అడిగే హక్కు ఉంటుంది. పని చేయించుకుని పక్కకు తప్పించడం న్యాయమూ కాదు.

బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ అయితే ఇంకో చిక్కు ఉంది. మొదట తీసుకెళ్లిన ఏజెంట్ పేరు మీద మీ ఫోన్ నంబర్‌ని సేల్స్ ఆఫీసులో ట్యాగ్ చేస్తారు. అది కొన్ని వారాలు ఉంటుంది. ఈలోగా ఇంకొకరితో వెళ్లినా, ఒంటరిగా వెళ్లినా మొదటివాడి ఖాతాలోకే పోతుంది. ట్యాగ్ తీసేయమని సేల్స్ మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. నోటితో అడిగితే సాధారణంగా కదలరు.

కొత్త ప్రాజెక్టులకు రెరాలో (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదైన ఏజెంట్‌నే ఎంచుకోండి. రెరా చట్టం 2016 ప్రకారం నమోదు లేకుండా రెరా ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మిపెట్టకూడదు, బుకింగ్ సమయంలో మీకు హక్కుగా రావాల్సిన సమాచారం, పత్రాలు అందేలా చూడటం ఏజెంట్ బాధ్యత. నంబర్ అడిగి మీ రాష్ట్ర రెరా సైట్‌లో వెతకండి. రెరా నంబర్ రాకముందే ప్రీలాంచ్, యూడీఎస్ (స్థలంలో విభజించని వాటా) పేరుతో తక్కువ రేటు ఆశ చూపే ఏజెంట్ ఎంత చురుగ్గా ఉన్నా వద్దు. నమోదు కావాల్సిన ప్రాజెక్టును నమోదుకు ముందు ప్రకటించడం, అమ్మడం ఆ చట్టం ప్రకారమే నిషిద్ధం. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు ధరలో 10 శాతం మించి బిల్డర్ తీసుకోకూడదన్న నిబంధన కూడా గుర్తుంచుకోండి.

ఓనర్‌తో నేరుగా, పక్కన లాయర్‌తో

టోకెన్ ఇచ్చాక ఏజెంట్ చేతులెత్తేస్తే ఇదొక్కటే దారి, ఆలస్యం చేయకూడదు. అగ్రిమెంట్‌లో 45 రోజులో 60 రోజులో గడువు ఉంటుంది. ఏజెంట్ తిప్పుతున్న ప్రతి రోజూ మీ గడువులోంచే పోతుంది, దాటితే అడ్వాన్స్ పోతుందని రాసి ఉండవచ్చు. "ఈ కాగితాలు ఫలానా తేదీన అడిగాం, ఇంకా అందలేదు, అందిన రోజు నుంచి గడువు లెక్కిద్దాం" అని ఓనర్‌కే నేరుగా రాయండి, ఏజెంట్‌కి కాపీ పెట్టండి. కమీషన్ ఎగ్గొట్టడానికి కాదన్న సంగతి కూడా అందులోనే చెప్పండి. సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

ఓనర్ ఎవరో తెలియకపోతే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆఫీసులో అడగండి. ఈసీలోని చివరి లావాదేవీ కూడా చెబుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖల సైట్లలో ఈసీ మీరే చూసుకోవచ్చు. డీడ్ నంబర్‌తో ఒకసారి, ఫ్లాట్ నంబర్, సర్వే నంబర్‌తో ఇంకోసారి వెతకండి, ఎందుకంటే నమోదులో అంకె తప్పుపడితే ఒక పద్ధతిలో దొరకనిది ఇంకో పద్ధతిలో బయటపడుతుంది. అమ్మకం వరుసల్లో ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ అంటే రాయించుకున్నవారు. పాత లావాదేవీ నుంచి కొత్తదాని వైపు చదువుతూ పోతే ఒక వరుసలో సీఎల్‌గా ఉన్న మనిషే తర్వాతి అమ్మకంలో ఈఎక్స్‌గా కనిపించాలి. మధ్యలో కొత్త పేరు వస్తే వారసత్వమో, జీపీఏనో (ఓనర్ ఇంకొకరికి రాసిచ్చిన అధికార పత్రమో) అడగాలి. తనఖా వరుస ఉండి, దాన్ని విడుదల చేసిన వరుస లేకపోతే ఆ అప్పు ఇంకా ఉందనే అనుకోండి. వీలునామాలు, రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు ఈసీలో కనిపించవు, లాయర్ అవసరం అక్కడే. 22-ఏ నిషేధిత ఆస్తుల (రిజిస్ట్రేషన్ చేయకూడనివి) జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందేమో కూడా అదే సైట్లలో చూడండి.

చూడాల్సిన మిగతా కాగితాలు: లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), మంజూరైన ప్లాన్, ఓసీ (భవనంలో ఉండవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం), ఇంటి పన్ను రసీదు, అసోసియేషన్ ఎన్‌ఓసీ. ఓసీ లేని భవనంలో ప్రత్యేకంగా అడగాల్సింది ఒకటుంది. అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో 10 శాతాన్ని మున్సిపల్ అధికారులు తనఖాగా పెట్టుకుంటారు. మీకు చూపించిన ఫ్లాట్ ఆ 10 శాతంలోది కాదని ఖాయం చేసుకోండి.

ఓనర్‌కి పాత లోన్ ఉంటే "ఒరిజినల్స్ వస్తాయి లెండి" అన్న మాట సరిపోదు. బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ ముగించడానికి ఎంత కట్టాలో చెప్పేది), తమ దగ్గరున్న పత్రాల జాబితా తెప్పించండి. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2023లో ఆదేశించింది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది మీరే. అమ్మేవారు ఎన్నారై అయితే ఆ ఒక శాతం లెక్క వర్తించదు, ఎంత కోయాలో ఆడిటర్‌ని అడిగాకే డబ్బు పంపండి. ఏజెంట్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

ఈ దారి లోపం కూడా చెప్పాలి. మధ్యలో మనిషి లేకపోతే ఓనర్, మీరు చిన్న మాటకే ఎడముఖం పెడముఖం అవుతారు. తొలి బేరం కూర్చుని మాట్లాడుకోండి, ఆ తర్వాత ప్రతిదీ రాతలో నడపండి.

ఫిర్యాదు ఎప్పుడు

బద్ధకానికి ఫిర్యాదు దండగ. అబద్ధపు అనుమతులు చూపించినా, టోకెన్ తన దగ్గరే ఉంచుకున్నా ఫిర్యాదు చేయాల్సిందే. రెరా ప్రాజెక్టు అయితే 31వ సెక్షన్ కింద ఏజెంట్ మీద నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. నమోదు, బాధ్యతల నిబంధనలు ఉల్లంఘిస్తే జరిమానా రోజుకు 10 వేలు, మొత్తం ఆ ఇంటి ధరలో 5 శాతం దాకా పోవచ్చు. అది మీకు వచ్చే డబ్బు కాదు. రీసేల్ ఫ్లాట్‌కి, లేదా స్థలం 500 చదరపు మీటర్లు గానీ ఫ్లాట్లు 8 గానీ మించకపోవడంతో రెరా నమోదు అక్కర్లేని చిన్న భవనానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. రెండేళ్లలోపు దాఖలు చేయాలి. మీరు చెల్లించిన ప్రతిఫలం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించుకోవచ్చు.

రెండు చోట్లా అడిగేవి ఒకటే: టోకెన్ వెళ్లిన ఖాతా వివరం, కమీషన్ ఒప్పుకున్న మెసేజ్, మీరు కాగితాలు అడిగిన తేదీలు. అందుకే ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ పెట్టేసిన వెంటనే "ఇప్పుడు మీరు చెప్పింది ఇది" అని రెండు వాక్యాలు వాట్సాప్‌లో పంపి ఉంచండి.