యాప్రాల్‌లో పన్నెండేళ్లు: మిలిటరీ గోడకు దగ్గర్లో ఇల్లు కొన్నాక

2013 జూన్‌లో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ (సైన్యం ఉండే ప్రాంతం) పక్కనున్న యాప్రాల్‌లో ఇల్లు కొన్నాం. 167 గజాలు, పడమర ముఖం, కింద రెండు బెడ్‌రూములు, పైన ఒక పోర్షన్. రిజిస్ట్రేషన్‌తో కలిపి 58 లక్షలు పడింది, అందులో 35 లక్షలు లోను. మా ఆయన బ్యాంకులో చేస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా రెండు కుటుంబాల్లోనూ మిలిటరీలో పనిచేసినవాళ్లు ఒక్కరూ లేరు. ఇది ముందే చెప్పాలి. సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ అని పేర్లు వింటేనే ఈ చుట్టుపక్కల ఎవరి కోసం కట్టుకున్న ఊరో తెలిసిపోతుంది. మాలాంటి బయటివాళ్లకు ఇక్కడ ఎలా ఉంటుందో రాస్తున్నాను.

బ్రోకర్ మమ్మల్ని మొదటిసారి తీసుకొచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. తిరుమలగిరి నుంచి మిలిటరీ ఏరియా లోపలి రోడ్డు మీదుగా వచ్చాం. రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు, మొదళ్లకు ఎర్రమన్ను, దాని మీద సున్నం పట్టీ. ఒక్క హారన్ లేదు, ఒక్క గుంత లేదు. పదిహేను నిమిషాల్లో ఇంటి ముందున్నాం. "చూశారా మేడమ్, సికింద్రాబాద్ పక్కనే ఉన్నట్టు!" అన్నాడు. నిజం చెప్పాలంటే నేను ఆ రోడ్డు చూసే ఇంటికి సరే అన్నాను. వంటింట్లో సింకు కింద చెమ్మ ఉన్న సంగతి కూడా గమనించలేదు. ఆ రోడ్డు ఎవరిదని అడగాలన్న ఆలోచనే రాలేదు.

ఎవరిదో తర్వాత తెలిసింది. నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ 1798లో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ సైన్యం ఇక్కడ దిగింది. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద ఈ దండు ప్రాంతం సికింద్రాబాద్ అయింది. అంటే ఇక్కడ ముందొచ్చింది సైన్యం, తర్వాత వచ్చింది మనం. ఇప్పటికీ కంటోన్మెంట్ లోపల పౌరసేవలు చూసేది రక్షణ శాఖ కింద ఉండే కంటోన్మెంట్ బోర్డు. మేం కొన్నప్పుడు యాప్రాల్‌లో మా కాలనీ జీహెచ్‌ఎంసీ కింద ఉండేది. మా వీధి దాటి రెండు మలుపులు తిరిగితే రోడ్డు తారు రంగే మారిపోతుంది, అక్కడి నుంచి వేరే రాజ్యం. కంటోన్మెంట్ చట్టం, 2006లోని సెక్షన్ 258 ప్రకారం రోడ్డు మూయాలంటే ముందు పబ్లిక్ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలి. చట్టంలో అలా ఉంది. గేటు దగ్గర మాత్రం ఉండేది బారికేడ్, ఇసుక బస్తాలు, ఇరవై రెండేళ్ల సెంట్రీ.

మేం వచ్చిన మరుసటి ఏడాదికే కంటోన్మెంట్‌లో రోడ్ల మూసివేత మీద పెద్ద గొడవ మొదలైంది. సఫిల్‌గూడ, మల్కాజిగిరి వైపువాళ్లు అప్పుడు ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మా వైపు మొదట రాత్రిపూట మాత్రమే గేటు వేసేవారు. తర్వాత ఐడీ చూపించమనడం మొదలైంది. తర్వాత స్టిక్కర్ ఉన్న బళ్లకు ఒక లైను, మాకు ఇంకో లైను. టైములు ఒక బోర్డు మీద రాసి ఉండేవి, దాని మీద ఎప్పటికప్పుడు కొత్త కాగితం అంటించేవారు.

2016లో ఒక రాత్రి పదకొండు గంటలకు మా మామయ్యగారికి ఆయాసం వచ్చింది. కారులో పడుకోబెట్టి అలవాటు కొద్దీ ఆ రోడ్డే పట్టాం. గేటు వేసి ఉంది. సెంట్రీ కుర్రాడు టార్చి వేసి వెనక సీట్లోకి చూశాడు, మామయ్యగారి మొహం చూసి వాడి మొహమే మారిపోయింది. లోపలికి వెళ్లి ఫోన్ చేశాడు, మళ్లీ చేశాడు. అవతల ఎత్తలేదు. "సాబ్, ఉధర్ సే జాయియే, జల్దీ" అని చేతులు జోడించినంత పని చేశాడు. వెనక్కి తిప్పి ఆర్.కె.పురం ఫ్లైఓవర్ ఎక్కి నేరేడ్‌మెట్ మీదుగా వెళ్లేసరికి నలభై నిమిషాలు. చివరికి డాక్టర్ గ్యాస్ అని తేల్చాడు. మామయ్యగారు తిరిగి వచ్చేటప్పుడు ఐస్‌క్రీమ్ అడిగారు. ఆ నలభై నిమిషాలు మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కోపం ఆ పిల్లాడి మీద రాలేదు, బ్రోకర్ మీద కూడా రాలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూసి డబ్బులు కట్టిన నా మీదే వచ్చింది.

2018 మేలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ హయాంలో దేశంలోని కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవాలని ఆదేశాలు వచ్చాయి. మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజు పండగే. కొన్ని తెరిచారు, కొన్ని తెరవలేదు, తెరిచినవాటిలో కొన్ని మళ్లీ మూశారు. 2020 లాక్‌డౌన్‌లో మాకు లోపలి దారి పూర్తిగా బంద్. ప్రస్తుతం పగలు తెరిచే ఉంటుంది, రాత్రి ఉండదు. జనవరి 26కీ ఆగస్టు 15కీ ముందు, దేశంలో ఎక్కడైనా ఏదైనా జరిగిన మర్నాడు, చెకింగ్ గట్టిగా ఉంటుంది. చలికాలంలో రాష్ట్రపతి బొల్లారం నిలయానికి విడిదికి వస్తే ఆ వైపు ట్రాఫిక్ ఆంక్షలు అదనం. అందుకే ఎవరైనా అడిగితే ఒక్కటే చెబుతాను: ఆఫీసుకు, స్కూలుకు, ఆసుపత్రికి ఎంత దూరమో లెక్కవేసేటప్పుడు మిలిటరీ రోడ్డు అసలు లేదనుకుని లెక్కవేయండి. ఉంటే బోనస్.

ఇక భూమి సంగతి. ఈ ఇల్లు కొనకముందు బ్రోకర్ ఇంకో ప్లాటు చూపించాడు. మిలిటరీ కాంపౌండ్ వాల్‌కు ఆనుకుని, గజానికి నాలుగు వేలు తక్కువ. మా ఆయనకు నోరూరింది. ఇప్పటి మా పక్కింటాయన, ఆర్మీలో సుబేదార్‌గా రిటైరైన మనిషి, ఆపాడు. 1903 నాటి వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ యాక్ట్ అని ఒకటుంది, దాని కింద రక్షణ స్థావరాల పక్కన కట్టడాలను అడ్డుకోవచ్చు. దానికి తోడు 2011 మేలో రక్షణ శాఖ ఇంకో సర్క్యులర్ ఇచ్చింది: గోడ నుంచి వంద మీటర్ల లోపు ఏం కట్టాలన్నా, నాలుగంతస్తులు మించితే 500 మీటర్ల లోపైనా, ఆర్మీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. 2016లో చాలా మిలిటరీ స్టేషన్లకు దీన్ని పది మీటర్లకు తగ్గించారు, కొన్నింటికి వందే ఉంచారు. ఆ తర్వాత కూడా ఈ రూల్ మీద రాతలూ కోతలూ ఆగలేదు. కాబట్టి కొనేరోజున ఏది అమల్లో ఉందో, మీ ఎదురుగా ఉన్న గోడ ఏ లిస్టులో ఉందో రాతపూర్వకంగా తెలుసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఆ ప్లాటు కొన్నవాళ్లు ఇప్పటికీ అక్కడ రేకుల షెడ్డు వేసుకుని నర్సరీ నడుపుతున్నారు. మొక్కలు మాత్రం బాగుంటాయి, మా మందారాలన్నీ అక్కడివే.

కంటోన్మెంట్ హద్దు లోపల కొనేవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ జనరల్ ల్యాండ్ రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది, జీఎల్‌ఆర్ అంటారు. అందులో భూమిని ఏ-1, బీ-2, బీ-3 అని రకరకాలుగా రాస్తారు. బీ-3 ఓల్డ్ గ్రాంట్ బంగ్లా అయితే గోడలూ కప్పూ మీవి, కింద నేల సర్కారుది. మా కొలీగ్ వాళ్ల బంధువులు అలాంటి బంగ్లాలో వాటా కొని, లోను కోసం బ్యాంకుకు వెళ్తే మేనేజర్ కాగితాలు చూసి టీ తాగించి పంపించేశాడు. అందుకని అమ్మేవాడిని అడగాల్సిన మొదటి కాగితం జీఎల్‌ఆర్ ఎక్స్‌ట్రాక్ట్.

జవహర్‌నగర్ వైపు వెళ్తే మాజీ సైనికుల పట్టాల పేరుతో ప్లాట్లు చవగ్గా చూపిస్తారు. మాజీ సైనికుడికి ప్రభుత్వం కేటాయించిన భూమి పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు, నిజమే. కానీ కలెక్టర్ ఎన్‌ఓసీ లేకుండా రిజిస్ట్రేషన్ ముందుకు కదలదు. సర్వే నంబర్ 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందో లేదో చూడాలి. అసలు అది సైనికుడికి ఇచ్చిన భూమేనా, మామూలు అసైన్డ్ భూమా? మామూలుదైతే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద కొన్నవాడికి ఏ హక్కూ రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ మీద కొన్న ఇల్లు కూల్చేటప్పుడు ఆ నోటరీ కాగితం అడ్డురావడం నేనైతే చూడలేదు.

విమానాల సంగతి ఆదివారం తెలియదు. సోమవారం పొద్దున్న తెలుస్తుంది. హకీంపేటలో ఎయిర్‌ఫోర్స్ పైలట్లకు కిరణ్ జెట్ల మీద శిక్షణ ఇస్తారు. వాతావరణం బాగుంటే మధ్యాహ్నం దాకా ఒకటి తర్వాత ఒకటి తిరుగుతూనే ఉంటాయి. మొదటి నెల నేను ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని, అవతలివాళ్లు "హలో, హలో" అనేవారు. మా పాప అప్పుడు ఏడాది పిల్ల, ఉలిక్కిపడి లేచేది. ఆరు నెలలకు దానికి ఆ శబ్దం వస్తేనే నిద్ర పట్టేది! ఇప్పుడు పదమూడేళ్లు, చూడకుండానే "ల్యాండింగ్‌కి వస్తోంది" అని చెబుతుంది. పొద్దున్నే దూరంగా ఫైరింగ్ ప్రాక్టీసు టప్ టప్ వినిపించడం, అయిదున్నరకు జవాన్లు పాట అందుకుంటూ పరిగెత్తడం మాకు అలారం. పండు ముసలివాళ్లు, నైట్ షిఫ్టు ఉద్యోగులు ఉన్న ఇల్లయితే ఆలోచించుకోండి. మా ఆయన మటుకు ఇప్పటికీ సణుగుతారు.

బ్రోకర్ చెప్పినవాటిలో పూర్తిగా నీరుగారిపోయింది స్కూళ్ల మాట. "ఆర్మీ స్కూళ్లన్నీ ఇక్కడే కదా మేడమ్" అన్నాడు. ఉన్నాయి. కానీ ఆర్మీవాళ్ల పిల్లలు, రిటైరైనవాళ్ల పిల్లలు అయ్యాక సీట్లు మిగిలితేనే మనకు. కేంద్రీయ విద్యాలయంలోనూ కేంద్ర ఉద్యోగులు, మాజీ సైనికుల పిల్లలే ముందు. మా పాప మామూలు ప్రైవేటు స్కూల్లోనే చదువుతోంది. ఇక క్యాంటీన్! బంధువులకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు, మిలిటరీ పక్కన ఇల్లుంటే మిలిటరీ క్యాంటీన్ మనదే అనుకుంటారు. మా చిన్నాన్న ప్రతి పెళ్లికీ ముందు "అమ్మాయ్, రెండు బాటిల్స్ చూడు" అని ఫోన్ చేస్తాడు. కార్డు ఉన్నవాళ్లకే, అదీ కోటా ప్రకారమే అని పన్నెండేళ్లుగా చెబుతున్నాను.

డబ్బు పరంగా మేం ఊహించని లాభం పైపోర్షన్. ఇప్పటికి అయిదు ఆర్మీ కుటుంబాలు అద్దెకున్నాయి. ఒకటో తారీఖు దాటకుండా అద్దె. గోడకు మేకు కొట్టాలన్నా అడుగుతారు. పోస్టింగ్ వస్తే మాత్రం పది రోజుల్లో ఖాళీ. మెట్ల మీద నల్ల ఇనప ట్రంకు పెట్టెలు వరసగా దిగుతాయి. ప్రతిదాని మీదా తెల్ల పెయింటుతో పేరు, నంబరు, కింద పాత ఊళ్ల పేర్లు కొట్టేసి కొత్త ఊరు: జోధ్‌పూర్ కొట్టేసి సికింద్రాబాద్, సికింద్రాబాద్ కొట్టేసి తేజ్‌పూర్. ఒకసారి ఒక పంజాబీ ఆవిడ వెళ్తూ వెళ్తూ తన తులసి కుండీ నాకిచ్చింది, ట్రంకులో పట్టదని. అది ఇంకా ఉంది.

పచ్చదనం మాత్రం బ్రోకర్ చెప్పినదానికంటే ఎక్కువే. గోడకు అవతల ఒక్క అపార్ట్‌మెంటూ లేవదు కాబట్టి ఎండాకాలం సాయంత్రం గాలి వస్తుంది. నెమళ్లు వస్తాయి. ఫోటోల్లో బాగుంటాయి గానీ, మిరప మొక్కలు మొదలంటా తినేస్తాయి, కారు అద్దంలో తమను తాము చూసుకుని పొడిచి పొడిచి పెయింటు లేపేస్తాయి. మా కారుకు అద్దాల మీద పాత సాక్సులు తొడిగి ఉంటాయి, అందుకే. గాలి అటు నుంచి వీస్తే చలికాలం రాత్రుల్లో జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ వాసన కూడా వస్తుంది. దానికి సాక్సులు లేవు.

2022లో పాప ఓణీల ఫంక్షన్‌కు వీడియో కుర్రాడు డ్రోన్ తెచ్చాడు. టెర్రస్ మీద దాన్ని ఇలా లేపబోయాడో లేదో, సుబేదార్ గారు లుంగీలోనే పరిగెత్తుకొచ్చారు. "బంద్ కరో, బంద్ కరో! ఇది రెడ్ జోన్ రా నాయనా!" ఫంక్షన్ మధ్యలో అందరూ కొయ్యబారిపోయారు. ఆ వీడియోలో పై నుంచి తీసిన షాట్లు లేవు, సుబేదార్ గారి లుంగీ మాత్రం ఉంది.

2025 మే 7న, పాకిస్తాన్‌తో ఉద్రిక్తతల మధ్య, సాయంత్రం నాలుగింటికి మాక్ డ్రిల్‌లో సైరన్ మోగింది. హైదరాబాద్‌లో ఎంచుకున్న నాలుగు చోట్లలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఒకటి. అది డ్రిల్ అని ముందే తెలుసు. అయినా ఆ రెండు నిమిషాలు ఉన్నచోటే అలాగే నిలబడిపోయాను. పైపోర్షన్‌లో ఉన్న కెప్టెన్ అప్పటికి వారం క్రితమే సెలవు రద్దయి వెళ్లిపోయాడు. వాళ్ల ఆవిడ ఆ రాత్రులు మా హాల్లోనే పడుకుంది, టీవీ పెట్టొద్దంది. గోడ అవతలివాళ్ల గురించి నేను ఎప్పుడూ రోడ్లూ గేట్లూ అనే ఆలోచించాను. ఆ వారం వేరేగా ఆలోచించాను. జూన్‌లో అతను తిరిగొచ్చాడు. గేటు దగ్గర చెకింగ్ మళ్లీ మామూలైంది, నా సణుగుడు కూడా.

ఇప్పుడు బ్రోకర్ల నోట కొత్త మాట ఎలివేటెడ్ కారిడార్. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు వెళ్లే కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన అయింది, రక్షణ శాఖ భూములివ్వడానికి ఒప్పుకుంది కాబట్టే కదిలింది. కంటోన్మెంట్ పౌర ప్రాంతాలను జీహెచ్‌ఎంసీలో కలపడం గురించీ ఏళ్లుగా నలుగుతోంది. వీటిని నమ్మి రేటు ఎక్కువ పెట్టకండి, అయినప్పుడు చూసుకోవచ్చు.

మా వీధి చివర ఒక ఇల్లు అమ్మకానికి ఉంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒక చిన్న జంట బ్రోకర్‌తో వచ్చి చూసుకుని, వెళ్తూ నన్ను అడిగారు, "ఎలా ఉంటుంది ఆంటీ ఇక్కడ?" అని. మంచి ఏరియానే అన్నాను. ఒకసారి మామూలు రోజు పొద్దున పదింటికి వచ్చి అరగంట కూర్చోండి, ఇంకోసారి రాత్రి పదకొండింటికి సికింద్రాబాద్ స్టేషన్ నుంచి బయల్దేరి రండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. బ్రోకర్ నా వైపు చూసిన చూపు చెప్పలేను. బుధవారం రాత్రి పన్నెండు దగ్గర పడుతుండగా వాళ్ల కారు నేరేడ్‌మెట్ వైపు నుంచి వచ్చి మా వీధిలో ఆగింది. అయిదు నిమిషాలు ఇంజన్ ఆపుకుని కూర్చున్నారు. ఇంకా ఫోన్ అయితే చేయలేదు.